పెరటి చెట్లకు ఏ చెయిన్‌సా: పెట్రోలుదా, బ్యాటరీదా?

ఏడాదికి రెండుమూడు సార్లు మామిడి, వేప కొమ్మలు కొట్టుకునే ఇంటికి బ్యాటరీదే నయం. 12 అంగుళాల బార్‌తో (చెయిన్ చుట్టూ తిరిగే పొడవాటి పట్టీ) తొడ లావు కొమ్మ కూడా తెగుతుంది. పెట్రోలుది నెలల తరబడి మూలన పడేస్తే ట్యాంకులో మిగిలిన పెట్రోలు కార్బురేటర్‌లో జిగురుకడుతుంది, ఎంత తాడు లాగినా స్టార్టవదు. పైగా లీటరు పెట్రోలులో 20 మి.లీ. టూస్ట్రోక్ ఆయిల్ కలపడం చాలా మోడళ్లకు తప్పనిసరి. అది మరిచారా, పిస్టన్ పట్టేస్తుంది. తుమ్మ మొద్దులు రోజంతా కోయాలంటే మాత్రం పెట్రోలుదే కొనండి.

బ్యాటరీదానికీ చెయిన్ ఆయిల్ పోయాల్సిందే! అక్కర్లేదనుకుని బార్ కాల్చేసుకుంటున్నారు చాలామంది. పొట్టు రేకుల్లా కాక పిండిలా రాలుతుంటే చెయిన్ మొద్దుబారినట్టే. గుండ్రటి ఆకురాయితో ప్రతి పంటినీ సమానంగా రాకాలి, లేకపోతే కోత పక్కకు లాగేస్తుంది.