తలల్ని లెక్కపెట్టే పాస్, కారును లెక్కపెట్టే పాస్

ఊరి నుంచి అమ్మానాన్నలు ఆరు నెలలకు వచ్చారంటే, శాన్‌ఫ్రాన్సిస్కో బే ఏరియా తెలుగు ఇళ్లలో మొదటి నెల లివర్‌మోర్ గుడి, గోల్డెన్ గేట్ వంతెన, కాస్ట్‌కోతో గడిచిపోతుంది. చిక్కంతా రెండో నెలలో మొదలవుతుంది. ఆలుమగలు, ఇద్దరు పిల్లలు, పెద్దవాళ్లిద్దరు, మొత్తం ఆరుగురు. ఎక్కడికి బయల్దేరినా టికెట్ల లెక్క ముందు నిలబడుతుంది. అప్పుడు ఎవరో ఒకరు చెబుతారు, "లైబ్రరీలో పాసులు ఊరికే ఇస్తారు కదండీ" అని. మాట నిజమే. కాకపోతే ఆ "ఊరికే" అన్నది అన్ని పాసులకూ ఒకేలా వర్తించదు. అది తెలిసేది చాలామందికి టికెట్ కౌంటర్ దగ్గర, వెనక క్యూ పెరిగిపోయి, నాన్నగారు "ఏమంటున్నాడ్రా?" అని అడుగుతున్నప్పుడు.

కాలిఫోర్నియాలో లైబ్రరీ కార్డు మీద దొరికే పాసులు ముఖ్యంగా రెండు రకాలు. డిస్కవర్ అండ్ గో అనేది మ్యూజియంల పాస్. దీన్ని కాంట్రా కోస్టా కౌంటీ లైబ్రరీ మొదలుపెట్టింది, ఇప్పుడు బే ఏరియాలో చాలా లైబ్రరీలు వాడుతున్నాయి. రెండోది స్టేట్ పార్కుల పాస్. మొదటిది తలల్ని లెక్కపెడుతుంది, రెండోది కారును లెక్కపెడుతుంది. ఆరుగురున్న ఇంటికి ఈ తేడాయే ముఖ్యం.

ముందు డిస్కవర్ అండ్ గో సంగతి. కార్డు నంబరు, పిన్ కొట్టి లాగిన్ అయితే తేదీని బట్టిగానీ, చోటును బట్టిగానీ వెతుక్కోవచ్చు. దొరికిన పాస్ మీద ఒక పేరు, ఒక తేదీ ఉంటాయి. ఆ రోజు దాటితే అది చెల్లదు. మ్యూజియం తలుపు దగ్గర ఆ పేరున్న మనిషి ఫోటో ఐడీతో నిలబడాలి. ఎక్కువమంది తప్పు చేసేది ఇక్కడే. కార్డు కోడలి పేరు మీద ఉంటుంది, ఆమెకు ఆ రోజు ఆఫీసు పని పడుతుంది, అత్తమామల్ని కొడుకు తీసుకెళతాడు. అప్పుడా పాస్ పనిచేయదు. పాస్ ఇచ్చింది కార్డుదారుకే గనక కౌంటర్‌లో ఉన్నవాళ్లను తప్పు పట్టడానికీ లేదు. పిల్లల కార్డు మీద బుక్ చేయడం అంతకన్నా తెలివితక్కువ పని, వాళ్ల దగ్గర చూపించడానికి ఐడీ ఎక్కడుంటుంది? ఆ రోజు తప్పకుండా వెళ్లేవాళ్ల కార్డుతోనే బుక్ చేయండి.

బుక్ బటన్ నొక్కే ముందు షరతుల పేజీలో మూడు సంగతులు చూడాలి. ఎంతమందికి ప్రవేశం? పూర్తి ఉచితమా, తగ్గింపు మాత్రమేనా? ప్రత్యేక ప్రదర్శనలు ఇందులో కలుస్తాయా? పైన పెద్దక్షరాల్లో "పాస్" అనే ఉంటుంది గానీ, కింద చదివితే కొన్ని చోట్ల అది సగం ధరకు టికెట్ కొనుక్కునే చీటీ మాత్రమే. కొన్ని పాసులు ఇద్దరికే వర్తిస్తాయి. ఇంకొన్ని చోట్ల పాస్ ఉన్నా టైమ్ స్లాట్ టికెట్ విడిగా తీసుకోవాలి, అది చేయకుండా వెళితే తలుపు దాకా వెళ్లి తిరిగి రావడమే.

ఒక లెక్క వేసి చూద్దాం. పెద్దల టికెట్ 20 డాలర్లు, చిన్నపిల్లలకు ఉచితం అనుకుందాం. నలుగురు పెద్దవాళ్లకు 80 డాలర్లు. ఇద్దరికి ఉచితమనే పాస్ తీసుకెళితే ఇంకా 40 కట్టాలి. ఇక్కడ ఒక కిటుకు ఉంది. 65 ఏళ్లు దాటినవాళ్లకు చాలా మ్యూజియంల్లో ఎలాగూ తగ్గింపు ఉంటుంది, దాన్ని పాస్‌తో కలపనివ్వరు. అందుకని పాస్ మీద ఆలుమగలు వెళ్లి, అమ్మానాన్నలకు సీనియర్ టికెట్లు కొనాలి. సీనియర్ టికెట్ 17 అయితే 34తో సరిపోతుంది, తిరగేసి చేస్తే 40 అవుతుంది. మర్యాదకు పోయి పెద్దవాళ్లనే పాస్ మీద పంపితే ఆరు డాలర్లు నష్టం. దీనికి తోడు నగరంలో గ్యారేజీ పార్కింగ్ ఇంకో టికెట్ ఖరీదు తినేస్తుంది. కారును బార్ట్ స్టేషన్‌లో వదిలి రైల్లో వెళ్లడం మంచిది. ఐదేళ్లలోపు పిల్లలకు బార్ట్‌లో టికెట్ అక్కర్లేదు.

ఇద్దరి కార్డుల మీద రెండు పాసులు తీసుకుంటే నలుగురూ వెళ్లొచ్చు కదా అనిపిస్తుంది. కొన్ని చోట్ల కుదురుతుంది, కొన్ని చోట్ల కుటుంబానికి ఒకటే అని రాసి ఉంటుంది. ఒక కార్డు మీద ఒకేసారి ఎన్ని రిజర్వేషన్లు ఉంచుకోవచ్చో, ఒకే మ్యూజియానికి మళ్లీ ఎన్నాళ్లకు తీసుకోవచ్చో లైబ్రరీ లైబ్రరీకీ మారుతుంది. వెళ్లలేకపోతే ముందే రద్దు చేయండి. రద్దు చేయకపోతే మీ కోటాలో ఒకటి పోతుంది, ఆ రోజు వెళ్లగలిగిన ఇంకో ఇంటికి కూడా అది దక్కకుండా పోతుంది.

శాన్‌ఫ్రాన్సిస్కోలో ఏషియన్ ఆర్ట్ మ్యూజియానికి పాస్ దొరికితే వదులుకోవద్దు. సివిక్ సెంటర్ బార్ట్ స్టేషన్ నుంచి నడిచి వెళ్లొచ్చు. పగటిపూట ఫ్రీమాంట్ నుంచైనా డబ్లిన్ నుంచైనా రైలు మారక్కర్లేదు. మంగళ, బుధవారాలు సెలవు. గురువారం మధ్యాహ్నం ఒంటిగంటకు తెరిచి రాత్రి ఎనిమిది దాకా ఉంచుతారు, జనం తక్కువ. లిఫ్టులో నేరుగా మూడో అంతస్తుకు వెళ్లండి, దక్షిణాసియా గ్యాలరీలు అక్కడే మొదలవుతాయి. రాతి విగ్రహాల ముందు అమ్మ చెప్పులు విడవాలా అని చూస్తుంది. నాన్నగారు "గుళ్లో ఉండాల్సినవి ఇక్కడెందుకున్నాయి" అని కాస్త ముభావంగా అయిపోతారు. ఆ ప్రశ్నకు సమయం ఇవ్వండి, తొందరపెట్టి కింది అంతస్తుకు లాక్కెళ్లకండి. ఈ భవనం 1917లో కట్టిన పాత నగర గ్రంథాలయం, 2003లో మ్యూజియం ఇందులోకి మారింది. లైబ్రరీ కార్డుతో వచ్చినవాళ్లు చేరేది కూడా ఒకప్పటి లైబ్రరీకే.

పాస్ దొరక్కపోతే నిరాశ పడక్కర్లేదు. ఈ మ్యూజియంలో ప్రతి నెలా మొదటి ఆదివారం సాధారణ ప్రవేశం అందరికీ ఉచితం. ఆరుగురున్న ఇంటికి ఇద్దరి పాస్‌కన్నా ఇదే లాభం, రద్దీ మాత్రం భరించాలి. డి యంగ్, లీజియన్ ఆఫ్ ఆనర్ మ్యూజియంలు బే ఏరియా తొమ్మిది కౌంటీల వాసులకు శనివారాలు ఉచితం. కానీ ఊరి నుంచి వచ్చిన పెద్దవాళ్లు ఆ లెక్కలోకి రారు. వాళ్లతో వెళ్లేటప్పుడు అందరికీ ఉచితంగా ఉండే నెల మొదటి మంగళవారం చూసుకోండి. అలమీడాలోని యుఎస్ఎస్ హార్నెట్ నౌక పిల్లలకు పండగే, అపోలో 11 వ్యోమగాముల్ని సముద్రం నుంచి ఎక్కించుకున్న ఓడ అది. అయితే లోపల అంతస్తుల మధ్య ఓడ నిచ్చెనలు నిటారుగా ఉంటాయి. మోకాళ్ల నొప్పులున్నవాళ్లను అక్కడికి తీసుకెళ్లి ఓ మూల కూర్చోబెట్టడం అన్యాయం.

ఇక మనసారా మెచ్చుకోవాల్సింది స్టేట్ పార్కుల పాస్‌ని. కాలిఫోర్నియా స్టేట్ లైబ్రరీ, స్టేట్ పార్క్స్ శాఖ కలిసి 2022లో దీన్ని మొదలుపెట్టాయి. కారు అద్దానికి తగిలించే ట్యాగ్ ఇది. పుస్తకం తీసుకున్నట్టే కార్డు మీద తీసుకెళ్లాలి. రాష్ట్రంలో 200కు పైగా పార్కుల్లో పగటిపూట కారు ప్రవేశ రుసుము కట్టక్కర్లేదు. తొమ్మిది మందిదాకా పట్టే వాహనం అయితే చాలు, లోపల ఎంతమంది ఉన్నారో ఎవరూ అడగరు. సియెన్నా, ఒడిస్సీ లాంటి మినీవ్యాన్‌లో ఇంటిల్లిపాదీ ఎక్కేయొచ్చు. రెండు కుటుంబాలు కలిసి పన్నెండు సీట్ల వ్యాన్ అద్దెకు తీసుకుంటే మాత్రం చెల్లదు, రెండు కార్లు, రెండు పాసులు కావాలి.

బే ఏరియా చుట్టుపక్కల పార్కుల్లో కారుకు సాధారణంగా 8 నుంచి 10 డాలర్లు. ఒక్కసారికి అది పెద్ద మొత్తం కాదు. కానీ గడువులోపల ఎన్నిసార్లైనా, ఎన్ని పార్కులకైనా వాడుకోవచ్చు. మూడు వారాల గడువుంటే ప్రతి వారాంతం రెండు చోట్ల ఆగినా అరవై డాలర్ల దాకా మిగులుతాయి. అంతకన్నా విలువైనది ఇంకోటుంది. పది డాలర్లు కట్టాం కదా అని అమ్మకు అలసటొచ్చినా సాయంత్రం దాకా ఈడ్వక్కర్లేదు. గంటలో తిరిగి వచ్చేసినా ఎవరికీ బాధ ఉండదు.

ఈ పాస్ మీద పెద్దవాళ్లతో మొదట వెళ్లాల్సింది శాంటాక్రూజ్ దగ్గర ఫెల్టన్‌లోని హెన్రీ కోవెల్ రెడ్‌వుడ్స్‌కి. మహావృక్షాల మధ్య చుట్టు దారి ముప్పావు మైలు పైచిలుకు, పూర్తిగా చదును, చక్రాల కుర్చీ కూడా వెళుతుంది. ఒక చెట్టు తొర్రలోకి పిల్లలు దూరి నిలబడొచ్చు. హైవే 17 మలుపులు మాత్రం జాగ్రత్త, కడుపులో తిప్పేవాళ్లకు ముందు సీటు ఇవ్వండి. పక్కనే ఆవిరి రైలు కూత వినిపిస్తుంది, పిల్లలు ఎక్కుదామంటారు. అది ప్రైవేటు సంస్థది, దాని టికెట్లకు ఈ పాస్ వర్తించదు. అక్టోబరు నడిమి నుంచి ఫిబ్రవరి నడిమి దాకా అయితే అదే రోజు శాంటాక్రూజ్ తీరంలోని నేచురల్ బ్రిడ్జెస్‌లో మోనార్క్ సీతాకోకచిలుకల్ని చూడొచ్చు. ఎండ పడితేనే రెక్కలు విప్పి ఎగురుతాయి, చలి పొద్దున వెళితే ఎండుటాకుల గుత్తుల్లా వేలాడుతుంటాయి.

మౌంట్ డయాబ్లో లివర్‌మోర్ గుడితో కలిపి ఒక రోజులో పెట్టుకోవచ్చు. 3,849 అడుగుల శిఖరం దాకా కారే వెళుతుంది. వసంతంలో పచ్చగా ఉన్నప్పుడు వెళ్లాలి గానీ ఆగస్టు మధ్యాహ్నం వద్దు. సూర్యాస్తమయానికి గేట్లు మూసేస్తారు. కార్మెల్ దగ్గర సముద్రం ఒడ్డునున్న పాయింట్ లోబోస్ వీటన్నిటికన్నా అందమైనది, పార్కింగ్‌కి వీటన్నిటికన్నా ఇబ్బందైనది కూడా. ఎనిమిదికి తెరుస్తారు, వారాంతాల్లో పొద్దెక్కేసరికే నిండిపోతుంది. పాస్ రుసుము మాఫీ చేస్తుందే తప్ప చోటు చూపించదు.

బిగ్ బేసిన్‌కి వెళితే పార్కింగ్ ముందే రిజర్వ్ చేసుకోండి, 2020 మంటల తర్వాత అక్కడ చోటు బాగా తగ్గింది. డబ్బాలో పులిహోర తీసుకెళతారు గనక ఒక మాట. అక్కడ మెతుకు కూడా నేల మీద వదలకూడదు. తిండి పడితే జే పిట్టలూ కాకులూ మూగుతాయి. అవి రెడ్‌వుడ్ కొమ్మల మీద గూడు పెట్టే మార్బుల్డ్ మర్రెలెట్ అనే అరుదైన సముద్రపు పక్షి గుడ్లను తినేస్తాయి. తిన్నాక బల్ల కింద కూడా ఏరి శుభ్రం చేయండి. "పిట్టలకు రెండు మెతుకులు వేస్తే పుణ్యం" అనే అమ్మకు ముందే నచ్చజెప్పాలి.

ఈ పాస్ చెల్లని చోట్లు కూడా చెప్పాలి. మనిషికింత అని వసూలు చేసేవి ఏవీ ఇందులోకి రావు. హర్స్ట్ కోట పర్యటన, శాక్రమెంటో రైల్వే మ్యూజియం అలాంటివే. ఆన్యో నుయెవోలో డిసెంబరు 15 నుంచి మార్చి 31 దాకా ఎలిఫెంట్ సీళ్లను చూడాలంటే గైడుతో నడవాలి, ఆ నడకకు విడిగా టికెట్ కొనాలి, పాస్ కారు వరకే. క్యాంపింగ్‌కీ పనికిరాదు. కౌంటీ పార్కుల్లో కుదరదు. అందరూ పొరబడేది మ్యూర్ వుడ్స్ విషయంలో. చుట్టూ ఉన్న మౌంట్ టమల్పయిస్ స్టేట్ పార్కుల శాఖది, పాస్ చెల్లుతుంది. మధ్యలో ఉన్న మ్యూర్ వుడ్స్ మాత్రం జాతీయ పార్కుల శాఖది, చెల్లదు. పైగా అక్కడ పార్కింగ్‌కి ముందస్తు రిజర్వేషన్ తప్పనిసరి. ఫోన్ సిగ్నల్ ఉండదు గనక ఆ కాగితాన్ని ఇంటి దగ్గరే ఫోన్‌లో దింపుకోవాలి.

పాస్ సంపాదించడానికి ఓపిక కావాలి. వేసవి సెలవుల్లో ఒక్కటీ అల్మారాలో కనబడదు. కొన్ని లైబ్రరీలు హోల్డ్ పెట్టనిస్తాయి, అంటే వరుసలో మీ పేరు రాసుకుంటాయి, కొన్ని ముందొచ్చినవాళ్లకే ఇస్తాయి. హోల్డ్ లేని చోట సోమ, మంగళవారాల్లో వెళ్లండి, వారాంతం వాడినవాళ్లు అప్పుడే తిరిగిస్తారు. చాలా లైబ్రరీలు కాలిఫోర్నియా వాసులు ఎవరికైనా కార్డు ఇస్తాయి. ఫోటో ఐడీ, చిరునామా రుజువు పట్టుకెళ్లి పక్క ఊరి కార్డు, శాన్‌ఫ్రాన్సిస్కో కార్డు కూడా తీసుకుంటే ట్యాగ్ దొరికే చోట్లు పెరుగుతాయి. డిస్కవర్ అండ్ గోకి మాత్రం చాలాచోట్ల మీరుండే ఊరి లైబ్రరీ కార్డే కావాలి.

పార్కులో కియోస్క్ దగ్గర మనిషి ఉంటే ట్యాగ్ చూపించండి. లేనిచోట, కవరులో డబ్బు వేసే ఇనప గొట్టం ఒక్కటే ఉంటే, ట్యాగ్‌ను అద్దానికి బయటికి కనబడేలా తగిలించి దిగండి. గ్లోవ్ బాక్సులో ఉంచితే జరిమానా చీటీ వస్తుంది. ఫోటో, జిరాక్స్ చెల్లవు. అద్దె కారులో వెళ్లినవాళ్లు విమానాశ్రయంలో కారు అప్పగించేటప్పుడు అద్దం వైపు ఒకసారి చూడాలి, ట్యాగ్ పోతే లైబ్రరీ దాని ఖరీదు కట్టించుకుంటుంది. తిరిగిచ్చేటప్పుడు పుస్తకాలు వేసే పెట్టెలో పడేయకుండా కౌంటర్‌లో చేతికివ్వండి. మీ ఖాతాలోంచి అది తొలగిందో లేదో అక్కడే చూసుకుని బయటికి రండి.