డబ్లిన్ రిప్రజెంటేటివ్ సర్వీస్ (యూరోపియన్ యూనియన్ డేటా చట్టం కోసం అక్కడ మన తరఫున ఉండే ప్రతినిధి) ఏడాది వాడాక నా రివ్యూ (5కి 3.5)

నేను ఇంగ్లండ్‌లో రెడింగ్ నుంచి ఆన్‌లైన్‌లో కూచిపూడి నేర్పిస్తానండి, 2020 లాక్‌డౌన్‌లో మొదలుపెట్టా, పిల్లలు ఎక్కువమంది ఇక్కడివాళ్ళే కానీ ఏడుగురు డబ్లిన్, ఇద్దరు మ్యూనిక్. వాళ్ళ ప్రాక్టీస్ వీడియోలు, పుట్టినతేదీలు, అమ్మానాన్నల నంబర్లు అన్నీ నా దగ్గరే ఉంటాయి. బ్రెగ్జిట్ ట్రాన్సిషన్ 2020 డిసెంబర్ 31తో అయిపోయింది కదా, అప్పట్నుంచి ఇక్కడి పిల్లలకి యూకే జీడీపీఆర్ (వ్యక్తిగత వివరాల రక్షణ చట్టం), ఆ తొమ్మిదిమందికి ఈయూ జీడీపీఆర్ కూడా. ఒకే క్లాసు, రెండు చట్టాలు, ఈ సంగతి నాకు చాలా లేట్‌గా తెలిసింది.

ఎవర్ని అడిగినా యూకేకి అడెక్వసీ (అక్కడ డేటాకి సరిపడా రక్షణ ఉందన్న గుర్తింపు) ఇచ్చేశారుగా ఇంకేం అక్కర్లేదు అనేవాళ్ళు. 2021 జూన్ 28న ఈయూ ఇచ్చిన మాట నిజమే, కానీ దానివల్ల అక్కడి డేటా అదనపు కాగితాలు లేకుండా యూకేకి రావచ్చు, అంతవరకే. ఈయూలో ఆఫీసు లేకుండా అక్కడివాళ్ళకి సర్వీస్ అమ్మితే ఈయూ జీడీపీఆర్ ఆర్టికల్ 27 కింద అక్కడో రిప్రజెంటేటివ్ ఉండాలి, అది వేరే రూలు. ఎప్పుడో ఒకసారి అయితే మినహాయింపు ఉందిగానీ నాది వారం వారం క్లాసు, పైగా పిల్లల వీడియోలు.

అందుకే డబ్లిన్‌లో ఒక చిన్న సంస్థని పెట్టుకున్నా (పేరు రాయట్లేదు). ఫీజు నెలకి ఇద్దరు పిల్లల ఫీజంత, నాకది తక్కువేం కాదు. కానీ మొదటి కాల్‌లోనే నేను అసలు ఆలోచించని ప్రశ్న అడిగారు, పిల్లల వివరాలున్న షీట్లు ఇంకెవరైనా చూస్తారా అని. విజయవాడలో మా పిన్ని కూతురు అటెండెన్స్ చూసిపెడుతుంది అన్నా. ఇండియాకి అటు ఈయూ అడెక్వసీ లేదు, ఇటు యూకేదీ లేదు, కాబట్టి ఈయూ స్టాండర్డ్ క్లాజులు (డేటా బయటి దేశానికి పంపేటప్పుడు రాసుకునే రెడీమేడ్ షరతులు) రాసుకుని దానికే యూకే అడెండమ్ (అనుబంధం) జతచేస్తే ఒక్క కాంట్రాక్ట్‌తో రెండు వైపులా సరిపోతుందని చెప్పి చేయించారు. 2025 జూన్‌లో యూకే కొత్త డేటా చట్టం పాస్ అయినప్పుడు కూడా, దాంట్లో సడలింపులు డబ్లిన్ పిల్లలకి వర్తించవు జాగ్రత్త అని వాళ్ళే మెయిల్ పెట్టారు. ఇవన్నీ నిజంగా బావున్నాయి.

స్టార్లు ఎందుకు తగ్గించానంటే, క్లాసు మానేసిన ఒక డబ్లిన్ పాప వాళ్ళమ్మ వీడియోలు తీసేయమని వీళ్ళ అడ్రస్‌కి ఉత్తరం రాస్తే అది నాకు 9 రోజులకి పంపారు. జవాబివ్వడానికి ఉండేదే నెల! ఆవిడ నాకు ఫోన్ చేసి "ఎందుకండీ పట్టించుకోవట్లేదు" అంటే చాలా బాధేసింది, తన బిడ్డ వీడియో గురించి ఏ తల్లికైనా భయం ఉంటుంది కదా. ఆ రోజే అన్నీ డిలీట్ చేసి రాతపూర్వకంగా చెప్పా. వీళ్ళు సారీ చెప్పారు, కారణం మాత్రం చెప్పలేదు.

మళ్ళీ రెన్యూ చేస్తా, కాకపోతే ఏ ఉత్తరం వచ్చినా 2 రోజుల్లో పంపిస్తామని కాంట్రాక్ట్‌లో రాసిచ్చాకే సంతకం పెడతా.