మా బడికి వచ్చిన కౌన్సెలర్ సేవ: ఒక విద్యా సంవత్సరం చూశాక నా అభిప్రాయం

నెల్లూరు శివార్లలోని ఒక ప్రైవేటు ఉన్నత పాఠశాలలో నేను పదహారేళ్లుగా లెక్కలు చెబుతున్నాను. ప్రస్తుతం తొమ్మిదో తరగతికి క్లాస్ టీచర్‌ని. గత ఏడాది ఆగస్టులో మా యాజమాన్యం మంగళ, శుక్రవారాల్లో వచ్చి వెళ్లేలా ఒక కౌన్సెలర్‌ను నియమించింది. విశాఖపట్నంలో కోచింగ్ తీసుకుంటూ మరణించిన ఒక విద్యార్థిని కేసులో సుప్రీంకోర్టు 2025 జూలై 25న ఇచ్చిన తీర్పులో, వందమంది లేదా అంతకు మించి విద్యార్థులున్న ప్రతి విద్యాసంస్థలోనూ అర్హత కలిగిన కౌన్సెలర్‌గానీ, మనస్తత్వ నిపుణుడుగానీ, సామాజిక కార్యకర్తగానీ కనీసం ఒక్కరైనా ఉండాలని ఆదేశించింది. ఇలాంటి సేవను కుదుర్చుకోవాలా వద్దా అని ఆలోచిస్తున్న బడులు, తల్లిదండ్రులు మన జిల్లాలో చాలామందే ఉంటారు కాబట్టి, నేను చూసినది చూసినట్టుగా రాస్తున్నాను.

మొదట్లో మేము ఉపాధ్యాయులం ఈ సేవను పొరపాటుగా అర్థం చేసుకున్నామని ఒప్పుకోవాలి. క్లాసులో మాట వినని పిల్లవాణ్ణి కౌన్సెలర్ గదికి పంపిస్తే మా పాఠం ప్రశాంతంగా సాగిపోతుందని అనుకున్నాం. మొదటి సమావేశంలోనే ఆవిడ ఒక్క షరతు పెట్టారు: శిక్షగా మాత్రం ఏ పిల్లవాణ్ణీ తన దగ్గరికి పంపకూడదు, ఎందుకంటే ఒకసారి ఆ గదికి శిక్ష అనే పేరు పడితే, నిజంగా అవసరమున్న పిల్లలెవరూ ఆ గుమ్మం తొక్కరు. ఆ మాటలో ఎంత నిజముందో నాకు నవంబరులోగానీ తెలిసిరాలేదు.

నా తరగతిలో ఒక అబ్బాయి రోజూ మొదటి పీరియడ్‌లోనే బల్లమీద తల వాల్చేసేవాడు. (తండ్రి అనుమతితోనే రాస్తున్నాను; ఊరు, పేరు చెప్పను.) నేను నిలబెట్టాను, డైరీలో రాశాను, ఫోను చూస్తూ రాత్రంతా మేలుకుంటున్నాడని నాకు నేనే తీర్మానించుకున్నాను. కౌన్సెలర్ గారు ఆ అబ్బాయిని వెంటనే పిలిపించలేదు. ఒక తెల్లకాగితం మీద నాలుగు గళ్లు గీసి నా చేతికిచ్చి, తేదీ, పీరియడ్, నిద్రపోయిన సమయం, లేపినప్పుడు వాడన్న మాట రెండు వారాలపాటు రాయమన్నారు. రాసి చూస్తే, వాడు కూలబడేది మొదటి రెండు పీరియడ్లలోనే. మధ్యాహ్నం భోజనమయ్యాక అందరికంటే చురుగ్గా లెక్క చేసేవాడు. అన్నిటికంటే అధ్వానంగా ఉన్నవి వాన పడిన రాత్రుల మరునాటి ఉదయాలు. ఆ కాగితం ఎదురుగా పెట్టుకుని ఆవిడ నన్ను అడిగిన ప్రశ్న ఒక్కటే: "వీళ్ల ఇంట్లో రాత్రిపూట చేసే పని ఏమైనా ఉందా మేడమ్?"

ఉంది. ఆ కుటుంబానిది సముద్రతీరపు మండలం, వాళ్లకు రెండు రొయ్యల గుంటలున్నాయి. నీటిలో ప్రాణవాయువు బాగా తగ్గిపోయేది తెల్లవారుజామునే. ఆ వేళ కరెంటు పోయి ఏరియేటర్లు (నీటిలో గాలి కలిపే యంత్రాలు) ఆగిపోతే, వెంటనే జనరేటర్ వేయకపోతే పెట్టుబడి మొత్తం నీటిపాలవుతుంది. "నేనొక్కణ్ణే రెండు గుంటలకాడా ఉండలేను మేడమ్, ఒక గుంటకాడ వాడే గదా జనరేటరేసేది" అన్నాడు తండ్రి, తలెత్తకుండా. ఆ పిల్లవాడి మడమల మీద ఎండిన బురద నేను వారాల తరబడి చూస్తూనే ఉన్నాను. శుభ్రంగా రాలేదని అందరి ముందూ మందలించాను కూడా. ఇది రాస్తున్నప్పుడు కూడా నాకు బాధగానే ఉంది.

కౌన్సెలర్ గారు తండ్రికి ఉపన్యాసం చెప్పలేదు. బతుకుతెరువు మానుకోమనే హక్కు మనకెవరికీ లేదని, అయితే పద్నాలుగేళ్ల పిల్లవాడికి నిద్ర కూడా తిండిలాంటిదేనని నిదానంగా వివరించి, బడి ఉన్న రోజుల్లో బాబాయి కొడుకు కాపలా ఉండేలా, ఈ అబ్బాయి శనివారం రాత్రి మాత్రమే వెళ్లేలా ఆయన చేతనే ఒక ఏర్పాటు చెప్పించారు. రొయ్యలు పట్టేదాకా వాడికి నా అభ్యాస లెక్కలు మధ్యాహ్నానికి మార్చాను. వార్షిక పరీక్షల్లో వాడు మొదటి ర్యాంకు ఏమీ తెచ్చుకోలేదు. లెక్కల్లో పాసయ్యాడు, ఉదయంపూట మేలుకుని ఉన్నాడు.

నాకు వ్యక్తిగతంగా జరిగిన మేలు వేరే. ఆవిడ నా అనుమతి అడిగి, రెండు పీరియడ్లు చివరి బల్లమీద కూర్చుని నా పాఠం విన్నారు. నేను ప్రశ్నలన్నీ ముందు వరుసలోని ఆరుగురినే అడుగుతున్నానని, మిగతావాళ్లు నోరు తెరిచేలోగా నేనే జవాబు చెప్పేస్తున్నానని ఆ తర్వాత విడిగా చెప్పారు. ప్రశ్న అడిగాక మనసులో ఐదు అంకెలు లెక్కపెట్టమన్నారు. ఇన్నేళ్ల అనుభవంలో ఏ తనిఖీ అధికారీ నాకు ఇంత పనికొచ్చే మాట చెప్పలేదు.

గోప్యత విషయంలో ఆవిడ గట్టి మనిషి. ఎవరెవరు వస్తున్నారో పేర్లు ఇమ్మని కార్యాలయం అడిగితే సంఖ్య మాత్రమే ఇచ్చారు. అయితే ఆ గోప్యతకూ హద్దుందని పిల్లలకు మొదటి రోజే చెబుతారు: ప్రాణానికి ముప్పున్న మాటను దాచరు, లైంగిక వేధింపు తెలిస్తే 2012 నాటి పోక్సో చట్టం ప్రకారం పోలీసులకు చెప్పితీరాలి. ఆవిడ వైద్యురాలు కారు, మందులు రాయరు. అవసరమైతే మానసిక వైద్యుల దగ్గరికి పంపిస్తారు. ఈ తేడా తెలియక ఒకరిద్దరు తల్లులు "మా పిల్లకేం పిచ్చా?" అని బడికొచ్చి గొడవపడ్డారు. వాళ్లకు నచ్చజెప్పడం క్లాస్ టీచర్ల పనే అయింది, అది మా పనే కూడా.

ఇక లోపాలు. ఆరువందల పైచిలుకు పిల్లలకు వారానికి రెండు రోజులు ఏ మూలకూ చాలవు. సోమవారం ఏడ్చిన పిల్ల మంగళవారం దాకా ఆగాలి. అక్టోబరులో ఆవిడ సెలవులో ఉన్న రెండు వారాలూ ఆవిడను పంపే సంస్థ మరొకరిని పంపలేదు. పిల్లలకు ఆధారంగా 24 గంటలూ తెలుగులో ఉచితంగా మాట్లాడే ప్రభుత్వ మానసిక ఆరోగ్య సహాయ సేవ టెలి మానస్ నంబరు 14416ను, బాలల సహాయ నంబరు 1098ను ఆవిడ ముందే నోటీసుబోర్డుకు అంటించి ఉంచారు కాబట్టి సరిపోయింది. పెద్ద తరగతుల అబ్బాయిలు ఒక మహిళ దగ్గర కొన్ని సంగతులు చెప్పడానికి జంకుతున్నారు. మొదట చెప్పిన సుప్రీంకోర్టు తీర్పే మార్కులను బట్టి సెక్షన్లు విడదీయడం, అందరిముందూ అవమానించడం సాధ్యమైనంతవరకు కూడదని చెప్పింది. మా బడిలో ర్యాంకుల సెక్షన్లు మాత్రం అలాగే కొనసాగుతున్నాయి. ఒక చేత్తో పుండు చేస్తూ ఇంకో చేత్తో మందు రాయమంటే ఏ కౌన్సెలరైనా ఏం చేయగలరు?

అన్నిటికంటే నన్ను బాధించేది గది. అది ప్రిన్సిపాల్ గదికి ఆనుకుని, ఫీజు కట్టే కిటికీకి ఎదురుగా ఉంది. లోపలికి వెళ్లే పిల్లను వరుసలో నిలబడ్డ తల్లిదండ్రులందరూ చూస్తారు. పదో తరగతి అమ్మాయి ఒకతె ఆ తలుపు దాకా వచ్చి, నీళ్ల సీసా నింపుకోవడానికి వచ్చినట్టు నటించి వెనుదిరిగి పోవడం నేను రెండుసార్లు చూశాను.

ఐదుకు నాలుగు ఇస్తాను. ఆ నాలుగూ ఆవిడ పనితనానికే, తగ్గించిన ఒకటి బడి చేసిన ఏర్పాట్లకు. జూన్ నుంచి మూడు రోజులు వచ్చేలా ఒప్పుకున్నారు. గదిని పైఅంతస్తులో గ్రంథాలయం పక్కకు మార్చమని మేము తొమ్మిదిమంది ఉపాధ్యాయులం సంతకాలు చేసి ఇచ్చిన కాగితానికి ఇంకా జవాబు రాలేదు.