సెల్లార్ మోటార్: కొన్ని వానకాలాలు వాడినంక నా మాట

మాది హన్మకొండ, నయీంనగర్ నాలా దగ్గర్లోనే. 2020 ఆగస్టు వరదలకు సెల్లార్ మునిగినంక ఒక మూలకు గుంత తవ్వించి, నీళ్లు బయటికి తోడేతందుకు ఫ్లోట్‌తో వచ్చే అర హెచ్‌పీ సబ్‌మెర్సిబుల్ (నీళ్లల్ల మునిగి నడిచే) మోటార్ పెట్టించినం. ఇప్పటికీ అదే నడుస్తంది. మంచి వస్తువు, సెల్లార్‌లో జాలు వచ్చే ఇంట్ల తప్పకుండా ఉండాలె. కాకపోతే ఆగిపోయిందని విప్పి చూసినప్పుడల్లా లోపం ఎక్కువగా ఫ్లోట్‌లోనో వాల్వ్‌లోనో పైపులోనో కనిపించింది. రీవైండింగ్ (లోపలి తీగ మళ్ల చుట్టుడు) అనే మాట వినంగనే మోటార్ ఎత్తుకుని షాపుకు పోకుండ ముందు ఇవి చూసుకోండ్రి.

అన్నిట్లకంటే ఎక్కువ సతాయించేది ఫ్లోట్. వైరుకు వేలాడే ప్లాస్టిక్ డబ్బా అది, నీళ్లు పెరిగితే తేలి మోటార్ ఆన్ చేస్తది, దిగితే బంద్ చేస్తది. గుంత ఇరుకుగ ఉంటే గోడకు తట్టుకుని ఆగిపోతది, లేకుంటే దాని వైరు పోయి పైపుకు చుట్టుకుంటది. ఒకసారి నీళ్లు గుంత దాటి నేల మీదికి వస్తున్నయి, మోటార్ మాత్రం ఉలుకూ పలుకూ లేదు, మెయిన్ బంద్ చేసి ఎండిన కట్టెతోని ఫ్లోట్‌ను గోడ నుంచి తప్పించి మళ్ల ఆన్ చేస్తే గుర్రుమని లేచింది. పైన ఇరుక్కుంటే ఇంకా డేంజర్, నీళ్లు అయిపోయినా తిరుగుతనే ఉంటది, దాన్ని చల్లగ ఉంచేదే చుట్టూ ఉన్న నీళ్లు, అవి లేకుంటే సీల్ కాలిపోతది. అందుకే వైరును మోటార్ పిడికి క్లిప్ చేసి, డబ్బా నాలుగు దిక్కులా ఫ్రీగ ఊగేటంత జాగ ఉంచాలె. మోటార్ కింద ఒక ఇటుక పెడితే బురద కూడా తక్కువ గుంజుతది.

మోటార్ ఆగంగనే పైపుల నీళ్లు దబ్బున గుంతలకే వస్తున్నయా, కొద్దిసేపటికే మళ్ల ఆన్ అయితందా? అట్లయితే నాన్ రిటర్న్ వాల్వ్, అంటే పైపుల ఎక్కిన నీళ్లు వెనక్కి రాకుండ ఆపే మూత, దాని సంగతి చూడాలె. మా దాంట్ల మూత సందులో చిన్న కంకర రాయి ఇరికింది, తీసి కడిగితే అయిపోయింది.

మోటార్ తిరిగే సౌండ్ వస్తది గానీ నీళ్లు రావు, ఇదొకటి. నీళ్లు గుంజే జాలీ దగ్గర పాలిథిన్ కవరు ముక్కలు ఉన్నయేమో ముందు చూడాలె. అది శుభ్రంగ ఉన్నా రాకపోతే పైపుల గాలి పట్టినట్టు. దానికోసం మోటార్‌కూ వాల్వ్‌కూ నడుమ పైపుకు 3 మిల్లీమీటర్ల బొక్క వేస్తరు, గాలి దాంట్లకెల్లి పోతది. నడిచేటప్పుడు అక్కడ సన్నగ నీళ్లు చిమ్ముతయి, లీకేజీ అనుకుని ఎంసీల్ పెట్టి మూసేటోళ్లు ఉన్నరు, దయచేసి మూయకండి. అదే తిరగకుండా ఒట్టిగ హమ్ అంటే మాత్రం వెంటనే బంద్ చేయాలె, మోటార్‌ను స్టార్ట్ చేసే కెపాసిటర్ పోయి ఉంటది లేదంటే లోపల ఫ్యాన్ పట్టేసి ఉంటది. ఎండకాలమంతా పక్కకు పడేస్తే ఇట్లనే పట్టేస్తది, అందుకే నెలకోసారి గుంతల బకెట్లతోని నీళ్లు పోసి నడిపిస్తం.

పెద్ద హెచ్‌పీ అయితే బాగుంటదని చాలామంది అంటరు, నేను ఒప్పుకోను. చిన్న గుంతకు పెద్ద మోటార్ పెడితే క్షణాల్లో ఖాళీ చేసి ఆగుతది, మళ్ల లేస్తది, ఆ స్టార్టింగ్‌లకే వైండింగ్ వేడెక్కుతది. ఆ పైసలతోని గుంత పెద్దగ చేయించుకోండ్రి.

2023 జూలైలో, భద్రకాళి చెరువు కట్ట తెగిన ఆ వానలప్పుడు, ఇంకో రెండు సంగతులు తెలిసినయి. పైపు చివర మోరిలో పెడితే మోరి నిండినప్పుడు నీళ్లు ఎటూ పోవు, తర్వాత దాన్ని రోడ్డు మట్టం కంటే పైకి లేపినం. రెండోది కరెంటు పోవుడు. మామూలు ఇంటి ఇన్వర్టర్ ఈ మోటార్ స్టార్టింగ్ లోడ్ ఎత్తదు, మా బావమరిది పొలం కాడి పెట్రోల్ ఇంజన్ తెచ్చి తోడిండు. నాలా పక్క ఇండ్లోళ్లు ఆ ఏర్పాటు వానకాలానికి ముందే చూసుకోవాలె. మోటార్ లైన్‌కు 30 మిల్లీ ఆంప్స్ ఆర్సీసీబీ (కరెంటు లీకైతే దానంతట అదే బంద్ చేసే స్విచ్) పెట్టించండ్రి, నీళ్లు నిలిచినప్పుడు పైన మెయిన్ బంద్ చేయకుండా సెల్లార్‌ల కాలు పెట్టొద్దు, పిల్లల్ని అస్సలు దిగనియ్యొద్దు.