హార్నడీ ఓఏఎల్ గేజ్: అందరికీ అక్కర్లేదు

మా టెక్సస్‌లో రీలోడింగ్ (ఖాళీ కేసులో మందు, బుల్లెట్ పెట్టి తూటా మళ్లీ తయారుచేసుకోవడం) మొదలెట్టిన మన కుర్రాళ్లు రేంజ్‌లో కనబడితే అడిగేది ఇదే: "అన్నా, ఈ గేజ్ కొనమంటావా?" తూటా ఎంత పొడవుంటే బుల్లెట్ బ్యారెల్‌లోని రైఫ్లింగ్‌ని (మెలితిరిగిన గాళ్లని) తాకుతుందో కొలిచే పరికరం ఇది; ఓఏఎల్ అంటే తూటా మొత్తం పొడవు. బోల్ట్ రైఫిల్, మ్యాచ్ బుల్లెట్లు (పోటీ షూటింగ్‌కి చేసినవి) వాడేవాళ్లయితే కొనండి. మాన్యువల్లో ఇచ్చిన పొడవుకే బుల్లెట్‌ని సీట్ చేసుకునేవాళ్లు (కేసులో కూర్చోబెట్టుకునేవాళ్లు) ఆ డబ్బుతో ప్రైమర్లు (మందుని అంటించే చిన్న గిన్నెలు) తెచ్చుకోండి.

నాది .308 విన్‌చెస్టర్ తూటా వాడే రైఫిల్. ఈ తూటాకి సామీ (అమెరికాలో తుపాకులు, తూటాల ప్రమాణాలు పెట్టే సంస్థ) పెట్టిన గరిష్ఠ పొడవు 2.810 అంగుళాలు, అదీ అడుగు నుంచి మొన దాకా. హాలోపాయింట్ (మొనలో రంధ్రం ఉన్న) బుల్లెట్ల మొనలేమో ఎలుక కొరికినట్టుంటాయి, ఒక్క డబ్బాలోనే ఏ రెండూ కలవవు. అందుకని కాలిపర్‌కి కంపారేటర్ తగిలించి ఒజైవ్ (బుల్లెట్ మొన వైపు సన్నబడే వంపు) దగ్గర కొలవాలి. కంపారేటర్ విడిగా కొనాలి, మన క్యాలిబర్‌కి తగ్గ మాడిఫైడ్ కేసు (గేజ్‌కి బిగించేలా మర వేసిన ఖాళీ కేసు) కూడా విడిగానే. మొత్తం ఖర్చు ముందే లెక్కేసుకోండి.

వాడకం తేలికే. రైఫిల్ ఖాళీగా ఉందని చూసుకుని బోల్ట్ తీసేస్తాం. మాడిఫైడ్ కేసుని గేజ్‌కి మర తిప్పి బిగించి, అందులో బుల్లెట్ పెట్టి చాంబర్లోకి (రైఫిల్లో తూటా కూర్చునే చోటు) పంపుతాం. కేసు భుజం ఆనాక లోపలి కడ్డీని మెల్లగా తోస్తే బుల్లెట్ రైఫ్లింగ్‌ని తాకి ఆగుతుంది. స్క్రూ బిగించి బయటికి లాగి కొలవడమే. ఒక్కోసారి బుల్లెట్ లోపలే ఉండిపోతుంది, బ్యారెల్ మూతి వైపు నుంచి క్లీనింగ్ రాడ్‌తో తడితే వచ్చేస్తుంది.

అసలు కిటుకంతా ఆ తోపులోనే ఉంది. గట్టిగా నొక్కితే బుల్లెట్ గాళ్లలోకి దిగబడి పొడవు ఎక్కువ చూపిస్తుంది. వేలికొసతో తోసి, నాలుగైదుసార్లు కొలిచి, అంకెలు దగ్గరదగ్గరగా వస్తేనే నమ్మండి. బుల్లెట్ మోడల్ మారిస్తే మళ్లీ మొదట్నుంచీ కొలవాల్సిందే.

వచ్చిన అంకెకే సీట్ చేయకండి బాబూ! బుల్లెట్ రైఫ్లింగ్‌ని ఆనుకుంటే ప్రెషర్ పెరుగుతుంది. నేను అంగుళంలో వెయ్యింట ఇరవై వంతులు వెనక్కి పెట్టి, పౌడర్ మాన్యువల్లోని స్టార్టింగ్ లోడు (మొదట వాడమనే తక్కువ మందు కొలత) నుంచే మొదలెడతాను.

ఇంకోటి. చాలా ఫ్యాక్టరీ రైఫిళ్లలో రైఫ్లింగ్ దాకా తూటాని పొడిగిస్తే అది మ్యాగజీన్లో పట్టదు. ముందు మ్యాగజీన్ లోపలి కొలత చూసుకోండి. సెమీ ఆటోమేటిక్, లీవర్ రైఫిళ్ల వాళ్లు తిన్నటి గేజ్ కాకుండా వంపు ఉన్నది తీసుకోవాలి.