తొలినాటి బేస్‌బాల్ జట్ల గుర్తులు: బంతి మేలా, జట్టు ఫోటోనా, సిగరెట్ కార్డులా?

1860ల్లో అమెరికాలో మ్యాచ్ అయిపోయాక ఆడిన బంతి గెలిచిన జట్టుకు దక్కేది. దాని మీద తేదీ, జట్ల పేర్లు, స్కోరు రాయించి, ఒక్కోసారి బంగారు రంగు పూయించి దాచుకునేవారు. మైదానంలో నిజంగా దెబ్బలు తిన్న వస్తువు కాబట్టి మనసు ముందు దాని మీదికే పోతుంది. అయినా ఇలాంటి పాత గుర్తుల్ని సేకరించడం కొత్తగా మొదలుపెట్టేవారికి నేను వద్దనే చెబుతాను. బంతి పాతదే అయినా, రాత నిన్నటిది కావచ్చు. అది ఎవరి ఇంటి నుంచి ఎవరి చేతికి వచ్చిందో కాగితాలు లేకపోతే దేన్ని నమ్మి కొంటారు?

జట్టు మీద ప్రేమ ఉన్నవారికి ఫోటోను మించింది లేదు. ఆటగాళ్ళందరికీ బాహాటంగా జీతాలిచ్చిన మొదటి జట్టు సిన్సినాటి రెడ్ స్టాకింగ్స్. 1869లో అది ఒక్క మ్యాచ్ కూడా ఓడిపోలేదు. న్యూయార్క్‌లో ఆట సామాన్లు అమ్మే పెక్ అండ్ స్నైడర్ ఆ జట్టు ఫోటోను అట్టకు అంటించి, వెనక తన ప్రకటన వేసుకుంది. మొదటి బేస్‌బాల్ కార్డు ఇదేనని చాలామంది అంటారు. జట్టు కెప్టెన్ హ్యారీ రైట్, అతని తమ్ముడు జార్జ్ ఒకే ఫోటోలో కనిపిస్తారు. ఇబ్బందల్లా ఖరీదే. 1865 నాటి మరో జట్టు, బ్రూక్లిన్ అట్లాంటిక్స్ చిన్న ఫోటో ఒకటి 2013 వేలంలో 92,000 డాలర్లు పలికింది.

అందుకే నా ఓటు ఓల్డ్ జడ్జ్ అనే సిగరెట్ బ్రాండు కార్డులకు. గుడ్విన్ కంపెనీ 1880ల చివర్లో సిగరెట్ పెట్టెల్లో పెట్టి ఇచ్చిన అసలు ఫోటోలివి. ఆటగాళ్ళు 500 మందికి పైనే, భంగిమలు వేలల్లో. స్టూడియోలో దారానికి వేలాడదీసిన బంతిని పట్టుకుంటున్నట్టు నిలబడిన వాళ్ళని చూస్తే ముచ్చటేస్తుంది. పేరు మోయని ఆటగాళ్ళ కార్డులు మిగతా రెండింటితో పోలిస్తే అందుబాటులో ఉంటాయి. పరీక్ష కూడా మన చేతిలోనే ఉంది. తెల్లసొన పూసిన కాగితం మీద తీసిన ఆనాటి ఫోటోలో భూతద్దం పెట్టినా చుక్కలు కనిపించవు, ఈనాటి అచ్చులో కనిపిస్తాయి. యూవీ లైటు కింద ఇప్పటి కాగితాలు చాలావరకు నీలంగా మెరుస్తాయి. పోల్చి చూసుకోవడానికి అమెరికా లైబ్రరీ ఆఫ్ కాంగ్రెస్ తన దగ్గరున్న పాత బేస్‌బాల్ కార్డులను ఆన్‌లైన్‌లో ఉచితంగా పెట్టింది.

దొరికినవన్నీ కొనకుండా ఒక్క జట్టును పట్టుకోండి. 1887లో అమెరికా పెద్ద బేస్‌బాల్ పోటీ నేషనల్ లీగ్ గెలిచి, మరుసటి ఏడాదితో మూతపడిన డెట్రాయిట్ వుల్వరీన్స్ మంచి ఎంపిక. డాన్ బ్రౌథర్స్, శామ్ థాంప్సన్ లాంటి పెద్ద పేర్లు చివరికి వదిలేసి, మామూలు ఆటగాళ్ళతో మొదలుపెట్టండి. మూలలు అరిగినా ఫరవాలేదు, ముఖం వెలిసిపోయిన కార్డు మాత్రం తీసుకోవద్దు.