అమ్మమ్మకి పెట్టిన పాలియేటివ్ హోమ్ కేర్: 5కి 4 ఇస్తాను, ఒకటి ఎందుకు కోశానంటే

మా అమ్మమ్మకి అంగిట్లో క్యాన్సర్. అడ్డపొగ అలవాటు, నిప్పు నోట్లోకి పెట్టుకుని చుట్ట కాల్చడం, మన ఉత్తరాంధ్ర వాళ్లకి కొత్తగా చెప్పక్కర్లేదు. రేడియేషన్ అయ్యాక మళ్లీ తిరగబెట్టింది, ఇంక కీమోకి ఒళ్లు తట్టుకోదని పాలియేటివ్ కేర్‌కి, అదే నొప్పీ బాధా తగ్గించి చూసుకునే వైద్యానికి, రాసిచ్చారు. మావయ్య "అంటే వదిలేశారన్నమాటేగా" అని ఆ కాగితం మడిచి జేబులో పెట్టేసుకున్నాడు. చాలామంది ఇళ్లలో ఇదే జరుగుతుంది. నిజానికి పాలియేటివ్ అనేది వైద్యం నడుస్తుండగానే మొదలుపెట్టొచ్చు, ఇంక నయమయ్యే వైద్యం లేదన్నప్పుడు చివరి నెలల్లో చూసేదాన్ని హాస్పిస్ అంటారు. మేము పిలిచింది ఇంటికొచ్చి చూసే టీమ్‌ని. నర్సు వారం వారం, డాక్టరు అవసరాన్నిబట్టి, విశాఖలో మా కంచరపాలెం సందుల్లోకి స్కూటీ మీద వచ్చేవాళ్లు.

ముందు నొప్పి సంగతి. పదికి ఎంతుందమ్మా అని నర్సు అడిగితే అమ్మమ్మ "పదహారణాలూ" అంది. మార్ఫిన్ అనే గట్టి నొప్పి మాత్ర మొదలుపెట్టారు, 4 గంటలకోసారి, నొప్పి వచ్చాక కాదు, గడియారం చూసి వేయాలి, రాత్రయినా సరే. ఇది మామూలు మెడికల్ షాపుల్లో అడిగితే దొరకదు, 1985 నాటి మత్తుమందుల చట్టం కింద ఉంటుంది. 2014లో ఆ చట్టాన్ని సవరించాక గుర్తింపు ఉన్న ఆసుపత్రులు తెప్పించుకోవడం కాస్త సులువైంది. అలవాటైపోతుందేమో అని మా అమ్మకి ఒకటే టెన్షన్. నొప్పిని బట్టి డోసు చూసి ఇస్తుంటే ఆ భయం పెట్టుకోవద్దని, దానికంటే మలబద్ధకం వస్తుంది అది చూసుకోమని చెప్పి, మోషన్ సాఫీగా అవ్వడానికి సిరప్ కూడా ఆ రోజే రాశారు. అమ్మమ్మ మూడో రోజుకి రాత్రి నిద్రపోయింది. అసలు ఇంతకుముందు మేము తిరిగిన చోట్ల ఎవరూ నొప్పి గురించి ఇంత వివరంగా అడగలేదు, స్కాన్లే చూశారు.

ఇంక ఎవరికీ చెప్పుకోలేని సంగతి వాసన. పుండు చెంప బయటికి వచ్చేసింది, పిల్లలు ఆ గది వైపు రావడం మానేశారు, అమ్మమ్మకీ అది తెలుసు, కొంగు అడ్డం పెట్టుకుని అటు తిరిగి పడుకునేది. నర్సు మెట్రోనిడజోల్ అనే యాంటీబయాటిక్ మాత్రలు మెత్తగా పొడి కొట్టి, పుండు కడిగాక పైన చల్లి గాజుగుడ్డ వెయ్యడం మా అమ్మకి దగ్గరుండి నేర్పింది. ఖరీదైన మందేం కాదు. కొన్నాళ్లకి పిల్లలు మళ్లీ ఆ మంచం మీదే కూర్చుని కార్టూన్లు చూడటం మొదలెట్టారు. నా వరకు ఈ సర్వీసుకి ఇచ్చిన మార్కుల్లో సగం దీనికే. రక్తం పడితే కంగారు పడకుండా ముదురు రంగు తువ్వాళ్లు దగ్గర పెట్టుకోమని కూడా చెప్పారు, తెల్ల గుడ్డ మీద కొంచెం రక్తమైనా చాలా ఎక్కువలా కనిపిస్తుందట.

కోసిన మార్కు రాత్రి ఫోన్‌కి. ఏ టైంలోనైనా చెయ్యండి అని నంబరిచ్చారు. ఓ అర్ధరాత్రి అమ్మమ్మకి ఊపిరి ఎగపోస్తుంటే చేస్తే రింగవుతూనే ఉంది, ఎవరూ ఎత్తలేదు, తెల్లారాక సారీ చెప్పారు. సారీ దేనికండీ అప్పుడు? చేరే ముందే రాత్రి ఫోన్ ఎవరి దగ్గర ఉంటుంది, ఎత్తకపోతే రెండో నంబరేది అని గట్టిగా అడగండి. ఇంకోటి, రోజంతా ఉండే మనిషిని వీళ్లు పంపరు. గంటగంటకీ పక్క మార్చేదీ, దుప్పట్లు ఉతికేదీ మనమే, అంటే ఇంట్లో ఆడవాళ్లే. మా అమ్మ నడుం పడిపోయింది.

చివర్లో మాత్రం బాగా నిలబడ్డారు. పెద్దమ్మ ట్యూబులో హార్లిక్స్ పోసేస్తానని ఒకటే గొడవ, తిండి లేక మనిషి పోతుందని. డాక్టరు కూర్చుని, పోయేముందు ఒంటికి ఆకలి ఉండదు, బలవంతంగా పోస్తే ఊపిరితిత్తుల్లోకి పోతుంది, పెదాలు దూదితో తడుపుతూ ఉండండి చాలు అని చెప్పాడు. గొంతులో గురగుర వస్తుంది, అప్పుడు పక్కకి తిప్పి పడుకోబెట్టండి, ఆ శబ్దం మీకు భయంగా ఉంటుంది గానీ ఆవిడకి బాధ తెలిసే దశ కాదని కూడా ముందే చెప్పాడు. అలా చెప్పి ఉండకపోతే మావయ్య అంబులెన్స్ పిలిచి ఏదో ఒక ఐసీయూలో పడేసేవాడే, అనుమానం లేదు.

ఇంకో ముఖ్యమైన విషయం, ఇంట్లో పోతే మరణానికి కారణం రాసి డాక్టరు సంతకం పెట్టిన కాగితం కావాలి, మరణం 21 రోజుల్లోపు జీవీఎంసీలో, అదే విశాఖ కార్పొరేషన్‌లో, రిజిస్టర్ చేయించుకోవాలి. వీళ్ల డాక్టరు ఆ పొద్దున్నే వచ్చి రాసిచ్చేశాడు. మంచం, ఎయిర్ బెడ్ మాత్రం వేరే వాళ్ల దగ్గర అద్దెకి తెచ్చాం, ఆ డిపాజిట్ ఇంకా రాలేదు.